రెండుసార్లు కూడిన అంచు

ఆ రోజు నేను చేసిన తప్పును ముందే చెప్పేస్తాను. ఒక లెక్కను రెండో వైపు నుంచి కూడా చేసి సరిచూసుకోవాలని నాకు తెలుసు. చేద్దామని పక్కనున్న మనిషి అడిగాడు. చేయకుండానే నివేదిక మీద సంతకం పెట్టాను. ఆ సంతకాన్ని నమ్మి పులికాట్ ఒడ్డున ఒక పల్లె తన పాత అలవాటు మానుకుంది. పోలయ్య అనే మనిషి ఆ ఊరికి ప్రాణాలతో తిరిగి రాలేదు.

ఈ రంగంలోకి కొత్తగా వస్తున్నవాళ్ళు అప్పుడప్పుడూ నన్ను పిలిచి నా అనుభవాలు చెప్పమంటారు. వేదిక మీద శాలువా కప్పాక ఈ మాట చెప్పడం కుదరదు. అందుకే రాస్తున్నాను.

మేం చేసిన పని

తిరుపతి నుంచి చంద్రగిరి పోయే దారిలో మా ప్రయోగశాల ఉండేది. పేరు చెప్పను. రాడార్ పంపిన తరంగం ఒక వస్తువుకు తగిలి ఎటెటు చెదిరిపోతుందో లెక్కకట్టడం మా పని. వస్తువు పైతొడుగునంతా కంప్యూటర్‌లో చిన్న చిన్న త్రికోణాలుగా కోస్తాం. పక్కపక్క త్రికోణాలు కలిసే ప్రతి అంచు మీదా ఎంత కరెంటు పారుతుందో కనుక్కోవాలి. చిక్కేమిటంటే ఏ అంచూ ఒంటరిగా ఉండదు. ప్రతిదాని మీదా మిగతా అన్నిటి ప్రభావం ఉంటుంది. పెళ్ళి పందిట్లో అందరూ అందరితో ఒకేసారి మాట్లాడుతుంటే ఎవరు ఎవరితో ఏమన్నారో తేల్చమన్నట్టు ఉంటుంది.

వస్తువు పెద్దదైతే అంచులు లక్షల్లోకి పోతాయి. ఒక కంప్యూటర్ వాటిని మోయలేదు. అందుకని వస్తువును ముక్కలు చేసి, ఒక్కో కంప్యూటర్‌కు ఒక్కో ముక్క అప్పగించి, అవి ఒకదానితో ఒకటి సంగతులు చెప్పుకుంటూ ఒకేసారి లెక్క చేసేట్టు ఏర్పాటు చేస్తాం. సమాంతర గణన అని పెద్ద పేరు పెట్టుకున్నది దీనికే.

తొంభైలలో మా దగ్గర ఉన్న యంత్రంతో బంతిని, డబ్బాను తప్ప పెద్దవాటిని ముట్టుకోలేకపోయేవాళ్ళం. రెండువేలు దాటిన కొత్తలో, బజారులో దొరికే మామూలు కంప్యూటర్లనే ఇనుప బీరువా చట్రాల్లో పేర్చి తీగలతో కలిపాం. మే నెలలో ఆ గది పొయ్యిలా ఉండేది. కరెంటు పోయి, బ్యాటరీలు కూడా చేతులెత్తేస్తే రోజుల తరబడి నడిచిన లెక్క అంతా పోయేది. మళ్ళీ మొదటి నుంచి.

ఈ పనిలో ఎక్కువ భాగం ఎదురుచూడటమే. ఇది ఏ పాఠ్యపుస్తకంలోనూ ఉండదు కాబట్టి చెబుతున్నాను. అన్నాళ్ళు ఎదురుచూశాక వచ్చిన జవాబు మీద మనిషికి మమకారం పుడుతుంది. దాన్ని అనుమానించడానికి మనసు రాదు. నాకు రాలేదు.

గోళం మీద రవ్వంత తేడా

మా బృందంలో ప్రోగ్రాం రాసింది ఇద్దరం. వస్తువును ముక్కలు చేసి కంప్యూటర్లకు పంచడం, అవి మాట్లాడుకునే పద్ధతి చూడటం మునిరత్నం పని. అతనిది చిత్తూరు పక్క పల్లె, ఎమ్‌సీఏ చదివి కాంట్రాక్టు మీద చేరాడు. చివర్లో అన్ని కంప్యూటర్లూ ఇచ్చిన జవాబులను ఒకచోట కూడి, దూరాన ఫలానా చోట తరంగం ఎంత బలంగా ఉంటుందో చెప్పే భాగం నేను రాశాను. అది చిన్న భాగం. ఒక మధ్యాహ్నం భోజనానికి ముందు కూర్చుని రాసేశాను.

కొత్త ప్రోగ్రాంను ముందు లోహపు గోళం మీద పరీక్షిస్తారు. గోళానికి కాగితం మీద కచ్చితమైన జవాబు ఉంది కాబట్టి పోల్చుకోవచ్చు. మాది పోల్చితే రెండు గీతలూ దాదాపు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఒక్క కంప్యూటర్ మీద నడిపితే పూర్తిగా కలిసేవి. ముక్కలు చేసి నడిపితే రవ్వంత ఎడం వచ్చేది.

"ఈ ఎడం ఎందుకొస్తాండాది సార్?" అన్నాడు మునిరత్నం.

"దశాంశాలు రౌండు చేసేటప్పుడు అంత తేడా వస్తుందిలే," అన్నాను.

కారణం తెలియనప్పుడు మా రంగంలో చెప్పే మాట అది. తెలియదని ఒప్పుకోవడం కంటే సులువు.

షెడ్డు

తీరం చూసుకునే ఒక ప్రభుత్వ శాఖ, పులికాట్ సరస్సు సముద్రంలో కలిసే చోటికి దగ్గరలో చిన్న రాడార్ పెట్టింది. ఆ కలిసే చోటును అక్కడివాళ్ళు మొగ అంటారు. గాలివాన వచ్చినప్పుడు బయట ఏ పడవలు ఉన్నాయో చూసి, దారి చూపడానికి లాంచీ పంపడం ఉద్దేశం. కర్ర పడవ రాడార్‌కు సరిగ్గా కనపడదని ప్రతి పడవ తెరచాప కొయ్యకూ తరంగాన్ని తిప్పికొట్టే రేకు పెట్టె ఒకటి బిగించారు. "గుండుకు టోపీ పెట్టినట్టుండాది," అని జాలర్లు నవ్వుకున్నారట.

అంతకు ముందు ఆ పల్లెకు ఒక ఆచారం ఉండేది. గాలి తిరిగిన సాయంత్రం ఆడవాళ్ళు ఇసుక దిబ్బ ఎక్కి, పడవలకు మొగ ఆనవాలు తెలిసేట్టు తాటాకుల దివిటీలు వెలిగించేవాళ్ళు. పోయిన ప్రతి పడవా వచ్చేదాకా దిబ్బ దిగేవాళ్ళు కాదు.

రాడార్‌కూ మొగకూ నడుమ ఒక కంపెనీ రొయ్యల కోసం పెద్ద రేకుల షెడ్డు కట్టుకుంటానంది. కడితే రాడార్ చూపుకు అడ్డమా, కాదా అని శాఖ మమ్మల్ని అడిగింది. తరంగం షెడ్డుకు తగిలినా కప్పు మీదుగా కొంత వంగి వెనక్కి దిగుతుంది. ఆ కొంత ఎంత అనేదే ప్రశ్న. చాలినంత దిగితే షెడ్డు వెనక పడవ కనపడుతుంది. దిగకపోతే అక్కడంతా నీడ.

మొగ వైపు చూపుకు అడ్డం వచ్చే షెడ్డు భాగాన్ని త్రికోణాలుగా కోశాం. కప్పు రెండు వాలులూ పైన కలిసే పొడవాటి అంచు దగ్గర మధ్యకు చీల్చాం. ఇటు వాలు కొన్ని కంప్యూటర్లకు, అటు వాలు కొన్నిటికి. ఎవరైనా అక్కడే చీలుస్తారు. జవాబు వచ్చింది. షెడ్డు వెనక కూడా తరంగం బాగానే ఉందని, పడవలు కనపడతాయని.

మునిరత్నం ఆ చిత్రం ముందు నుంచి లేవలేదు.

"సార్, కప్పు అంచు కాడ నాకు డౌటుగా ఉండాది. ఇంత పెద్ద రేకుల గోడ వెనక ఇంత బలం ఎట్లొస్తాది?"

"అంచు మీద వంగి దిగుతుంది గదా."

"దిగతాది. ఇంతనా?" అని కుర్చీ నా వైపు తిప్పాడు. "ఒక పని చేద్దాం సార్. ఇప్పుడు రాడార్‌ను ఈ తట్టు పెట్టి మొగ కాడ ఎంతుందో చూసినాం. రాడార్‌ను మొగ కాడ పెట్టి ఈ తట్టు ఎంతుందో చూద్దాం. రెండూ ఒకటే రావాల గదా."

రావాలి. ఇటు నుంచి అటు పోయినంతే, అటు నుంచి ఇటు వస్తుంది. ప్రకృతిలో అది తప్పదు. లెక్కలో తప్పితే తప్పు లెక్కదే. మా రంగంలో ఇంతకంటే మంచి పరీక్ష లేదు.

"ఇంకో వారం పైన పడుతుందప్పా. నడుమ కరెంటు పోతే అది కూడా చాలదు."

"పడనీండి సార్. షెడ్డు ఏమన్నా పారిపోతాదా?"

గదిలో వాళ్ళు నవ్వారు. నా మీద నవ్వారనిపించింది.

"మునిరత్నం, నువ్వు పలక పట్టుకుని బడికి పోయేటప్పుడే నేను ఈ సబ్జెక్టులో డాక్టరేటు చేసినాను," అన్నాను.

ఈసారి అతని మీద నవ్వారు. అతనూ నవ్వి, "సరే సార్, మీరు పెద్దోళ్ళు," అని కుర్చీ వెనక్కి తిప్పుకున్నాడు.

ఆ మధ్యాహ్నమే డైరెక్టరు గదిలోకి పిలిచాడు. "ఏమప్పా, శాఖవాళ్ళు నాయుడుపేట నుంచి పొద్దుకోసారి ఫోను కొడతాండారు. కట్టొచ్చు, కట్టకూడదు. ఒక్క మాట సెప్పేదానికి ఇంత నానబెట్టాల్నా?"

"కట్టొచ్చు సార్," అని సంతకం పెట్టాను. డైరెక్టరు నన్ను బలవంతం చేశాడని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అతను అడిగింది ఒక మాట. ఆ మాట ఏదో అతను చెప్పలేదు.

తెర మీద ఏమీ లేదు

షెడ్డు లేచింది. ఆ తర్వాతి వానాకాలంలో ఒక సాయంత్రం ఉన్నట్టుండి గాలి తిరిగింది. పడవలు ఒక్కొక్కటే మొగ దాటి లోపలికి వచ్చాయి. పోలయ్య పడవ రాలేదు. అందులో అతను, అతని తమ్ముడు ఏకాంబరం ఉన్నారు. పోలయ్య భార్య గోవిందమ్మ, ఇంకొందరు ఆడవాళ్ళు రాడార్ గది దగ్గరికి పరుగెత్తారు.

అక్కడి ఉద్యోగి తెర చూశాడు. "బయట ఒక్క పడవ కూడా లేదమ్మా. పక్క పల్లెలో ఒడ్డు పట్టి ఉంటారు, ఇంటికి పోండి," అన్నాడు. అతని తప్పేమీ లేదు. మొగ ముందు నీళ్ళన్నీ తెర మీద కనపడతాయని మా నివేదిక అతని బల్ల మీదే ఉంది. లాంచీ కదల్లేదు. తెర మీద ఏమీ లేదన్నాక దిబ్బ ఎక్కి దివిటీలు పట్టడం చాదస్తం అనిపించి ఆడవాళ్ళు ఇళ్ళకు పోయారు.

పడవ ఆ సమయంలో షెడ్డు నీడలోనే ఉంది. చీకటి పడుతుంటే మొగ ఎక్కడుందో తెలియక ఇసుక మేటకు కొట్టుకుని తిరగబడింది. ఏకాంబరం ఈదుకుంటూ ఒడ్డు పట్టాడు. పోలయ్యను తర్వాత అలలు తెచ్చాయి.

నిజమైన మాటలతో

శాఖ లెక్కను తిరిగి చూడమంది. మునిరత్నం అడిగిన పరీక్షను అప్పుడు చేశాను, ఒంటరిగా. రెండు జవాబులూ కలవలేదు.

తప్పు దొరకడానికి ఎక్కువసేపు పట్టలేదు. రెండు ముక్కలు కలిసే చోట ఉన్న అంచు రెండు ముక్కలకూ చెందుతుంది. దాన్ని ఒక్కసారే కూడాలి. నా భాగం ఇటు కంప్యూటర్ జవాబులో ఒకసారి, అటు కంప్యూటర్ జవాబులో ఒకసారి కూడింది. గోళం మీద అలాంటి అంచులు పిడికెడు కాబట్టి తేడా రవ్వంతే వచ్చింది. షెడ్డు మీద అవన్నీ కప్పు శిఖరాన వరసగా ఉన్నాయి. నీడలోకి తరంగం దిగేది అక్కడి నుంచే. లేని బలాన్ని నేను కూడిక చేసి పుట్టించాను.

పోలయ్య చావు మీద వేసిన విచారణ సంఘం ముందు నేను అన్న మాటలు ఇవి: "కంప్యూటర్ల మధ్య అంచుల పంపకం విషయంలో పొరపాటు జరిగింది. సరిదిద్దాం."

అందులో అబద్ధం ఏదో పట్టుకోండి చూద్దాం. దొరకదు. పంపకం ఎవరు చూసేవారని వాళ్ళు అడిగారు. మునిరత్నం అని చెప్పాను. అదీ నిజమే. ఆ నెలాఖరుతో అతని కాంట్రాక్టు ముగిసింది, దాన్ని పొడిగించలేదు. వెళ్ళే రోజు నా గది దాకా వచ్చి, "వస్తాను సార్," అన్నాడు. నేను తెర మీద ఏదో చూస్తున్నట్టు తల ఊపాను.

కొత్తవాళ్ళకు ఇక్కడ ఒక మాట. తప్పు లెక్క చేయని మనిషి మా రంగంలో లేడు. దాన్ని క్షమిస్తారు. నేను చేసిన రెండో పనికి ఏ పరీక్షా లేదు. ఎవరూ పట్టుకోలేదు, నాకు పదోన్నతి కూడా వచ్చింది.

మామిడి ఫ్యాక్టరీ

కొన్నేళ్ళు గడిచాయి. నేను పాఠం చెప్పే చోట ఒక విద్యార్థిని లేచి, "ముక్కల మధ్య అంచును రెండుసార్లు కూడకుండా ఎలా చూస్తారు సార్?" అని అడిగింది. మామూలు ప్రశ్న. బోర్డు మీద జవాబు రాసి పాఠం అక్కడే ఆపేశాను. ఆ వారమే చిత్తూరు బస్సెక్కాను.

మునిరత్నం మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీలో కంప్యూటర్ల మీద పనిచేస్తున్నాడు. తోతాపురి కాయల లారీలు గేటు బయట బారులు తీరి ఉన్నాయి. నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"ఏం సార్, ఇంత దూరం వచ్చినారు? జ్యూసు తాగతారా? ఈడ అదొకటే ధారాళంగా దొరికేది."

"మునిరత్నం, ఆ తప్పు నాది. కూడే భాగంలో జరిగింది."

"తెలుసు సార్."

"ఎప్పటినుంచి?"

"మీరు పంపకంలో పొరపాటు అన్నారని విన్నప్పట్నుంచి. నా భాగం ఇంటికాడ కూసోని గీత గీతా చూసుకున్యా. దాంట్లో ఏం లేదు. ఇంక మిగిలింది మీదే గదా."

"మరి ఎందుకు చెప్పలేదప్పా?"

"కాంట్రాక్టోడు చెప్తే ఎవరింటారు సార్? మీరే చెప్తారని చానా దినాలు సూసినా. పాప పుట్టినాక సూడ్డం మానేసినా."

బయట లారీవాళ్ళు ముందుకు జరగమని ఒకరినొకరు తిట్టుకుంటున్నారు. అతనికి మళ్ళీ ఉద్యోగం ఇప్పిస్తానని, సంఘానికి నిజం రాసిస్తానని చెప్పబోయాను. చెయ్యి అడ్డం పెట్టాడు.

"నా సంగతి తర్వాత సార్. ఆ షెడ్డు ఇంకా ఆడనే ఉండాదా?"

"ఉంది."

"అయితే ఆ నీడ కూడా ఆడనే ఉంటాది. మీరు సరిదిద్దిన జవాబు ఆ పల్లెలో ఎవురికన్నా చెప్పినారా?"

చెప్పలేదు. సరిదిద్దిన లెక్క విచారణ కాగితాల్లోకి పోయింది. ఆ తర్వాత ఎవరేం చేశారో నేను అడగలేదు. ఇన్నేళ్ళుగా నా పాపం నేను మోస్తున్నానని జాలిపడుతూ కూర్చున్నాను. ఆ నీడలో పడవలు ప్రతిరోజూ తిరుగుతూనే ఉన్నాయి.

"ఏం మనిషి సార్ మీరు," అన్నాడు మునిరత్నం. కోపంగా కూడా అనలేదు.

రెండో వైపు

ఆ తర్వాత నేను చేసినవి చెప్పి ముగిస్తాను.

ముందు పల్లెకు పోయాను. గోవిందమ్మ ఇంటి ముందు వలకు ముడులు వేస్తోంది. పక్కన ఏకాంబరం ఉన్నాడు. నేనెవరో, ఏం చేశానో అర్థమయ్యేట్టు చెప్పాను. ఆమె చేతులు ఆగలేదు.

"ఆ పొద్దు మా ఆయన మీ తెరలో కనపడ్నే లేదా సామీ?"

"లేదమ్మా. కనపడతాడని రాసిచ్చింది నేనే."

"నేను దివిటీ పట్టుకోని ఉంటే?"

జవాబు కోసం ఆగకుండా ఆమె తర్వాతి ముడి వేసింది. ఏకాంబరం లేచాడు. కొడతాడనుకున్నాను.

"అయితే ఇప్పుడు కూడా కనపడమా?" అన్నాడు.

"కనపడరు."

"చూపించు. పడవెక్కు."

ఆ శాఖకు ఉత్తరం రాస్తే కదలదని నాకు తెలుసు. మరుసటి ఉదయం వాళ్ళ అధికారిని బతిమాలి రాడార్ గదిలో కూర్చోబెట్టాను. చిత్తూరు నుంచి మునిరత్నం వచ్చాడు, నా కోసం కాదని ముందే చెప్పి. అతను తెర ముందు, చేతిలో వైర్‌లెస్. నేను ఏకాంబరం పడవలో, కొయ్యకు బిగించిన రేకు పెట్టె కింద. ఏనాడో రెండో వైపు నుంచి చూద్దామని అతను అడిగాడు. ఆ రెండో వైపున ఇప్పుడు నేను కూర్చున్నాను.

మొగ దగ్గర పడేదాకా మునిరత్నం, "ఉండారు, ఉండారు," అంటూనే ఉన్నాడు. షెడ్డు కప్పు రాడార్ స్తంభాన్ని కమ్మేసింది. వైర్‌లెస్‌లో కాసేపు గాలి హోరు.

"సార్, మీరు లేరు," అన్నాడు మునిరత్నం.

ఏకాంబరం నా మొహం వైపు చూసి, చుక్కాని తిప్పాడు.

అధికారి తన కళ్ళతో చూశాడు కాబట్టి పని కదిలింది. స్తంభాన్ని షెడ్డు దాటి మొగ పక్కకు, నీళ్ళకు ఎదురుగా మార్చడానికి చాలాకాలమే పట్టింది, కానీ మార్చారు. తప్పు కూడిక నాదేనని, మునిరత్నం భాగంలో లోపం లేదని, అతను ముందే హెచ్చరించాడని రాసి విచారణ సంఘానికి ఇచ్చాను. దాని నకలు మా ప్రయోగశాల గోడ మీద అతికించాను. పాఠాల్లో పేరు పెట్టి చెప్పాను. పదోన్నతి వెనక్కి తీసుకున్నారు. మునిరత్నానికి మా కొత్త డైరెక్టరు కబురు పంపితే రానన్నాడు. ఇప్పటికీ నాతో అవసరమైనంతే మాట్లాడతాడు.

స్తంభం మారిన రోజు మళ్ళీ అదే పడవలో అదే చోటికి పోయాను. ఈసారి తెర మీద ఉన్నాను. ఒడ్డుకు వచ్చి గోవిందమ్మకు ఆ మాట చెప్పాను.

"సరే సామీ," అంది. "అయినా దివిటీలు పడతాం."

"పట్టండమ్మా," అన్నాను. ఆ ఏడు నుంచి వానాకాలానికి ముందు తాటాకులు కొట్టించి, బండికెత్తించి ఆ దిబ్బ కింద దించి వస్తున్నాను. ఆమె వద్దనలేదు. కూర్చోమని కూడా ఎప్పుడూ అనలేదు.